బండి అమ్మినారా? ఆర్‌సీలో పేరు మారిందా చూసుకోండి



పంట బాగా వచ్చి గూళ్ల డబ్బు చేతికి రాగానే మనలో చాలామంది చేసే పని బండి మార్చడం. పాత బైకు అమ్మేసి, గూళ్లు శిడ్లఘట్టకో రామనగరానికో వేసుకుపోయేదానికి ఒక సెకండ్ హ్యాండ్ ఏస్ బండి చూస్తారు. స్టాంపు పేపరు మీద రాసుకుంటారు, డబ్బు ఇస్తారు, తాళం చెవి తీసుకుంటారు. అంతటితో పని అయిపోయింది అనుకుంటారు. అయిపోలేదు.

*అమ్మినాయనకు ఏం ప్రమాదం?*

ఇట్లా అనుకోండి. మీ బండి కొన్నాయన పేరు మార్పించుకోలేదు, ఇంకొకరికి అమ్మేసినాడు. ఆ మూడో మనిషి ఇన్సూరెన్స్ కట్టకుండానే తోలి ఎవరినో గుద్దినాడు. పరిహారం నోటీసు మీ ఇంటికే వస్తుంది. ఎందుకంటే మోటారు వాహనాల చట్టంలో ఓనరు అంటే ఆర్‌సీలో పేరున్న మనిషి. 2018లో సుప్రీంకోర్టు ముందుకు ఇట్లాంటి కేసే వచ్చింది. కారు అనేక చేతులు మారింది కానీ ఆర్‌సీలో పేరు మారలేదు. రికార్డులో పేరున్న ఆయనే పరిహారం కట్టాలని కోర్టు చెప్పింది. స్టాంపు పేపరు ఒక్కటే ఉంటే మీకు రక్షణ లేదు.

*ఎవరు ఏం చేయాలి? (సెక్షన్ 50)*

1. అమ్మినవాళ్లు 14 రోజుల లోపల ఆర్‌టీఓకు తెలపాలి. దీనికి ఫారం 29.
2. కొన్నవాళ్లు 30 రోజుల లోపల పేరు మార్పుకు అర్జీ పెట్టాలి. దీనికి ఫారం 30. ఇందులో ఇద్దరి సంతకాలూ ఉండాలి.
3. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, అడ్రస్ ప్రూఫ్ జత చేయాలి. అర్జీ పరివాహన్ వెబ్‌సైటులో మొదలుపెట్టవచ్చు.

ఖాళీ ఫారాల మీద సంతకం చేసి బ్రోకరు చేతికి ఇవ్వొద్దు. కొనేవాళ్ల పేరు, అడ్రసు, తేదీ నింపినాకే సంతకం చేయండి. నింపిన ఫారాలు ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి.

*లోన్ ఉన్న బండి*

ఆర్‌సీలో బ్యాంకు పేరో ఫైనాన్స్ పేరో ఉంటే, లోన్ తీరిపోయినా ఆ పేరు దానంతట అది పోదు. వాళ్ల దగ్గర ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకుని ఆర్‌టీఓలో కొట్టివేయించాలి. కొనే ముందే ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి లోన్, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ చూసుకోండి. కర్ణాటక బండి అయితే ఆర్‌టీఓలో బి ఎక్స్‌ట్రాక్ట్ తీసుకుంటే ఇంకా మంచిది.

*రాష్ట్రం దాటితే*

ఇది మనకు ముఖ్యం. కోలారులో ఉండే బంధువు కేఏ 07 బండి హోసూరులో ఉండే మీరు కొన్నారనుకోండి. ముందు అక్కడి ఆర్‌టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ రావాలి. అమ్మినవాళ్లకు ఇక్కడ గడువు 45 రోజులు. తరువాత తమిళనాడులో టాక్స్ కట్టి, కొత్త నంబరు తీసుకోవాలి. వేరే రాష్ట్రం బండిని 12 నెలలు దాటి పాత నంబరు మీదే పెట్టుకునేదానికి లేదు. ధర మాట్లాడేటప్పుడే ఈ టాక్స్ లెక్కలో వేసుకోండి. చవక అనుకున్న బండి చివరికి చవక కాకపోవచ్చు.

*ఇన్సూరెన్స్ మరవొద్దు*

బండి చేతులు మారితే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కొన్నాయనకు వర్తిస్తుంది. కానీ మీ బండికి తగిలిన దెబ్బకు డబ్బు రావాలంటే పాలసీ మీ పేరు మీద ఉండాలి. 14 రోజుల లోపల కంపెనీకి అర్జీ ఇవ్వండి. నో క్లెయిమ్ బోనస్ అమ్మినాయనదే, మీకు రాదు.

*గూడ్సు బండి కొంటే*

ఫిట్‌నెస్ తేదీ చూడండి. బండి 8 ఏళ్లు దాటితే ప్రతి ఏడాదీ ఎఫ్‌సీ చేయించాలి. సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు మించని బండికి పర్మిట్ అక్కరలేదు. అంతకన్నా పెద్దదైతే పర్మిట్ కూడా మీ పేరుకు మారాలి.

*నాయన పేరు మీద ఉన్న బండి*

ఓనరు చనిపోతే 30 రోజుల లోపల ఆర్‌టీఓకు తెలిపి, వారసులు 3 నెలల వరకు ఆ బండి తోలుకోవచ్చు. ఆ 3 నెలల లోపలే డెత్ సర్టిఫికెట్ జత చేసి ఫారం 31 ఇవ్వాలి. చాలా ఇండ్లలో ఏండ్ల తరబడి నాయన పేరు మీదే తోలుతుంటారు. యాక్సిడెంట్ అయిన రోజు క్లెయిముకు ఇదే అడ్డం వస్తుంది.

చివరగా ఒక మాట. పురుగులు నాలుగో జ్వరం లేచినాక ఆకు కోతకే టైము చాలదు, ఆర్‌టీఓకు పోయే తీరిక ఎవరికీ ఉండదు. కాబట్టి బండి బేరం రెండు పంటల మధ్యలో పెట్టుకోండి. అమ్మినవాళ్లు నెల తరువాత యాప్‌లో పాత నంబరు కొట్టి చూడండి. పేరు మారి కనిపిస్తేనే బండి అమ్మినట్టు లెక్క.