కీమోకి ముందు ఈ రక్తపరీక్ష అడిగారా?

అక్కి లేస్తే కొన్ని ఊళ్లలో కుమ్మరి చేత జాజు పూయించడం మీరు చూసే ఉంటారు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు ఒంట్లో చేరిన వైరస్సే దానికి మూలం. పొక్కులు మాడిపోయినా అది పోదు. నరాల మొదళ్లలో ఏళ్ల తరబడి పడుకుని, రోగాన్ని ఎదిరించే శక్తి తగ్గగానే నిద్ర లేస్తుంది. కేన్సర్ మందులు వాడేవారిలో ఈ ప్రమాదం ఎక్కువ.

అక్కి అయితే పైకి కనిపిస్తుంది. కాలేయంలో దాక్కునే హెపటైటిస్-బి అలా కాదు. ఎప్పుడూ కామెర్లు రానివారి ఒంట్లో కూడా అది ఉండొచ్చు.

మన విశాఖలో కె.జి.హెచ్. ఉంది, అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది. కీమోథెరపీ అనగానే ఇంటిల్లిపాదీ జుట్టు గురించీ వాంతుల గురించీ అడుగుతాం. ఈ వైరస్ గురించి అడిగేవారేరీ? మందులకి తెల్లకణాలు తగ్గినప్పుడు వైరస్ పెరుగుతుంది. శక్తి తిరిగి రాగానే ఆ కణాలే వైరస్ ఉన్న కాలేయం మీద పడతాయి. అందుకే ఒక్కోసారి వైద్యం ముగిశాక, నెలల తర్వాత కామెర్లు వస్తాయి. మందుల వేడి అనుకుని పసరు తాగిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఎవరికి ముప్పు ఎక్కువో డాక్టర్లు లెక్కలు కట్టి తేల్చారు. నాకు ఇంటర్లో లెక్కలంటే హడలే గానీ, ఇది మాత్రం ఆవకాయతో చెప్పుకోవచ్చు. జాడీ బూజు పట్టింది. ఉప్పు తక్కువా? ముక్కకి తడా? ఒక్క జాడీ చూసి చెప్పలేం. వంద ఇళ్ల జాడీలు రాసుకుని, ఉప్పు సమానంగా పడినవాటిలో తడివి ఎన్ని చెడ్డాయో, పొడివి ఎన్ని చెడ్డాయో చూస్తే తడి పాలెంతో తెలుస్తుంది. రోగుల వయసు, కేన్సర్ రకం, మందులు, పాత రక్తపరీక్షలు కూడా ఇలాగే విడదీసి చూశారు. హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ ఉన్నవారికీ, స్టెరాయిడ్లు వాడేవారికీ ముప్పు ఎక్కువని తేలింది. లింఫోమాకి ఇచ్చే రిటుక్సిమాబ్ మరీ గట్టిది. పాత వైరస్ పోయిందనుకున్నవారిలో కూడా లేపుతుంది. 2013లో అమెరికా ఔషధ సంస్థ దాని మీద గట్టి హెచ్చరిక వేయించింది.

అయితే లెక్క వందమంది సంగతి చెబుతుంది గానీ మీ ఇంటాయన సంగతి చెప్పదు. కాబట్టి కీమోకి ముందే హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ హెచ్‌బీసీ పరీక్షలు చేశారా అని అడగండి. వైరస్ ఉందని తేలినా కీమో మానక్కర్లేదు. ఎంటెకావిర్, టెనోఫోవిర్ లాంటి మాత్రలు ముందుగానే మొదలుపెడతారు. ఇక్కడే మనం జాగ్రత్తగా ఉండాలి. కీమో అయిపోయింది కదా అని మాత్రలు ఆపేయకూడదు. తర్వాత కూడా కనీసం ఏడాది, రిటుక్సిమాబ్ అయితే ఇంకా ఎక్కువ కాలం, డాక్టరు చెప్పేదాకా వేయాలి. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ వైద్య కేంద్రాల్లో ఈ మందులు ఉచితంగా ఇస్తారు.

ఇంట్లో ఒకరికి ఉంటే మిగతావాళ్లూ పరీక్ష చేయించుకుని, లేనివారు టీకా వేయించుకోవాలి. హైదరాబాదు శాంతా బయోటెక్ 1997లో చవకగా తెచ్చిన టీకా ఇదే. రేజరు, టూత్ బ్రష్ వేరుగా ఉంచండి. కంచం, గ్లాసు వేరు పెట్టి మనిషిని మూల కూర్చోబెట్టకండి. కలిసి తింటే ఇది అంటుకోదు.