ఆడచిలక పెట్టే పరీక్ష

మార్టూరు చుట్టుపక్కల చేలలో పనిచేసే ఆడవాళ్లకు రామచిలక కొత్త కాదు. మిరపపండును కూడా అది కొరికి తినగలదు. పక్షులకు కారం మంట తెలియదు. 2018లో ఆంధ్రప్రదేశ్ దీన్ని రాష్ట్ర పక్షిగా ఎంచుకుంది.

ఆలుమగలు కలిసిమెలిసి ఉంటే "చిలకా గోరింకల్లా ఉన్నారు" అంటారు. నిజానికి చిలక గోరింకతో జతకట్టదు. చిలకకు చిలకే జత. గోరింకకు గోరింకే జత. అయినా మాటలో కొంత నిజముంది. రెండూ జంటగా కాపురం చేసే పక్షులే.

ప్రపంచంలో సుమారు 10,000 రకాల పక్షులున్నాయి. 10 రకాల్లో 9 రకాలు జంటగానే పిల్లల్ని పెంచుతాయి. గుడ్లు పొదగాలి, తిండి తేవాలి. ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. అందుకే ఆడపక్షి మగదాన్ని చూసి మరీ ఎంచుకుంటుంది.

మన పెళ్లిచూపుల్లో ఆడపిల్ల తల వంచుకుని కూర్చుంటుంది. మగపెళ్లివారు చూస్తారు. చిలకల్లో చూసేది ఆడదే! అది కొమ్మ మీద కూర్చుని కళ్లు తిప్పుతుంది. తల అటూ ఇటూ ఊపుతుంది. మగచిలక బడాయిగా నడుచుకుంటూ దగ్గరికొస్తుంది. ముక్కుకు ముక్కు రాస్తుంది. తాను తిన్న గింజల్ని గొంతులోంచి పైకి తెచ్చి ఆడదాని నోట్లో పెడుతుంది. ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ. నచ్చకపోతే ఆడది ముక్కుతో పొడిచి తరిమేస్తుంది. చిలకల్లో పెత్తనం ఆడదానిదే.

మగచిలక మెడకు నలుపు, గులాబీ రంగుల హారం ఉంటుంది. అది రావడానికి సుమారు మూడేళ్లు పడుతుంది. హారం చూస్తే ఈడు తెలుస్తుంది. కానీ హారం కడుపు నింపదు కదా!

తినిపించడం ఎందుకంత ముఖ్యమో తెలుసా? ఆడచిలక చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది. మూడు వారాలకు పైగా పొదుగుతుంది. ఆ రోజుల్లో దానికి తిండి మగదే తేవాలి. తేకపోతే ఆడది ఆకలికి ఆగలేక బయటికి పోవాలి. గుడ్లు చల్లబడతాయి. లోపలి పిల్లలు చచ్చిపోతాయి. గుడ్లు పగిలాక కూడా దాదాపు ఏడు వారాలు పిల్లల్ని మేపాలి. తెచ్చిపెట్టే మగదో కాదో ముందే తెలియాలి.

లకుముకి పిట్టల్లోనూ ఇంతే. మగది చేపను పట్టి ఆడదానికి ఇస్తుంది. ఆడది సులువుగా మింగేలా చేప తలను దానివైపే పెట్టి ఇస్తుంది!

గిజిగాడి సంగతి వేరు. మగది సగం గూడు అల్లి ఆడదాన్ని పిలుస్తుంది. ఆడది లోపలికి పోయి చూస్తుంది. ఒప్పుకుంటేనే మిగతా సగం అల్లుతుంది. ఆ తర్వాత మగది పక్కనే ఇంకో గూడు మొదలుపెడుతుంది, ఇంకో ఆడదాన్ని పిలుస్తుంది! 1930లో ముంబయి దగ్గరి కిహిం ఊళ్లో సలీం అలీ అనే పక్షి పండితుడు నెలల తరబడి చూసి ఈ సంగతి బయటపెట్టారు. గుడ్లు పొదిగేది తల్లి ఒక్కతే. అందుకని ఆ ఆడపిట్ట గూడు ఎక్కడుందో బాగా చూసుకుంటుంది. ముళ్ల తుమ్మ మీదో, నూతి మీదికి వంగిన కొమ్మకో ఉంటే పాములు, కాకులు అంత సులువుగా రాలేవు.