కూర పక్కన ఏముండాలి? అపోహలు – వాస్తవాలు

కూరతో పాటు కంచంలో చేరే పెరుగుపచ్చడి, అప్పడం, వడియం, ఊరగాయ, రొట్టె – వీటన్నిటి పనీ కూరలో లేనిదాన్ని అందించడమే. పులుసుకూర తింటుంటే పంటి కింద కరకరలాడేది ఒకటి కావాలనిపిస్తుంది. వేపుడుకు తడి కావాలి. మసాలా దట్టించిన మాంసం కూరకు చలవో పులుపో తోడుండాలి. ఇంటి వంట చేసే చేతికి ఈ లెక్క ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. కానీ హోటల్ మెనూలు చూసి పట్టుకున్న అలవాట్లు కొన్ని, తరాలుగా నోటి మాటగా వస్తున్న భయాలు కొన్ని దీన్ని చిక్కుముడి చేసిపెట్టాయి.

అపోహ: కూర అంటే పక్కన నాన్ ఉండాల్సిందే

నాన్ ప్రధానంగా హోటల్ రొట్టె. పులిసిన మైదాపిండిని సాగదీసి తందూరి పొయ్యి లోపలి గోడకు అతికించి కాలుస్తారు. ఆ పొయ్యి వేడి 400 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. ఇంటి పెనం మీద అంత సెగ రాదు, అందుకే ఇంట్లో చేసిన నాన్‌కు ఆ పొంగూ ఆ మచ్చలూ అంత తేలిగ్గా రావు. 1947 దేశ విభజన తర్వాత ఢిల్లీకి చేరిన పంజాబీలు పెట్టిన హోటళ్ల ద్వారా తందూరి వంటలు దేశమంతా పాకాయి. దర్యాగంజ్‌లోని మోతీ మహల్ వాటిలో బాగా పేరుపడింది. ఉత్తరాది ఇళ్లలో సైతం రోజువారీ తిండి ఎక్కువగా ఫుల్కాలే.

నాన్ నప్పేది చిక్కని, వెన్న తగిలిన గ్రేవీలకు. బటర్ చికెన్, పనీర్ బటర్ మసాలా, దాల్ మఖనీ వంటివి రొట్టె ముక్కకు పట్టుకుంటాయి. చేపల పులుసులో నాన్ ముంచితే పులుసు వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది, ముక్క మాత్రం చప్పగా నోట్లోకి పోతుంది. పైగా చల్లారిన మైదా రొట్టె తోలులా సాగుతుంది. పార్సిల్ తెచ్చి గంట తర్వాత విప్పి తిన్నవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది.

తెలుగు నేల మీద ప్రతి ప్రాంతమూ తన కూరకు తగిన జోడీని ఎప్పుడో కుదుర్చుకుంది. తెలంగాణలో నాటుకోడి కూరకో మటన్ కూరకో జొన్నరొట్టె. ఆ రొట్టె కాస్త బరకగా, తనకంటూ పెద్ద రుచి లేకుండా ఉంటుంది కాబట్టి ఘాటైన కూరను నిభాయించుకుంటుంది. రాయలసీమలో రాగిసంకటి ముద్దకు మధ్యలో గుంట చేసి నాటుకోడి పులుసు పోస్తారు. తెలిసినవాళ్లు ముద్దను నమలరు, పులుసులో అద్ది మింగేస్తారు. ఇక కోడికూర–మినపగారెల జంట గురించి చెప్పనక్కర్లేదు. పైన కరకర, లోపల మెత్తన అయిన గారె పులుసును పీల్చుకున్నంతగా ఏ రొట్టే పీల్చదు.

పెళ్లి భోజనాల్లో బగారా అన్నం పాత్ర కూడా ఇలాంటిదే. నాలుగు లవంగాలు, కాస్త చెక్క, యాలకులు, పుదీనా, వేగిన ఉల్లిపాయలతో సరిపెట్టి, మిగతా రుచంతా మటన్ కూరకే వదిలేస్తారు. ఆ స్థానంలో బిర్యానీ పెట్టి మళ్లీ మసాలా కూర వడ్డిస్తే రెండు మసాలాలు పోట్లాడుకుంటాయి.

అపోహ: విందు అంటే బాస్మతి బియ్యమే

పొడవుగా, దేనికది విడివిడిగా ఉండే బాస్మతి మెతుకు పులావుకూ బిర్యానీకీ బాగుంటుంది. పప్పు, పులుసు, చారు కలుపుకుని తినే భోజనానికి అది చిక్కే. ముద్ద కట్టదు, చారు అడుక్కి దిగిపోతుంది. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన సాంబ మసూరి, అంటే రైతులు బీపీటీ 5204 అని పిలిచే సన్నరకం, కలుపుకునే అన్నానికి చక్కగా సరిపోతుంది. ధర ఎక్కువైన బియ్యమే మర్యాద అనుకోవడం వల్ల మంచి గోంగూర పప్పు చెడుతోంది.

అపోహ: కారం మండితే చన్నీళ్లు తాగాలి

మిరపకాయలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో దాదాపుగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. నీళ్లు తాగినప్పుడు హాయిగా అనిపించేది ఆ చల్లదనం ఉన్నంతసేపే. తర్వాత మంట మళ్లీ మొదలవుతుంది. పాలలోనూ పెరుగులోనూ ఉండే కేసీన్ అనే మాంసకృత్తు క్యాప్సైసిన్‌ను పట్టుకుని నాలుక మీద నుంచి తీసుకుపోతుంది. వెన్న తీసిన పాలు కూడా కొంతవరకు పనిచేసేది ఇందుకే. కారం కూర వండిన రోజు పెరుగుపచ్చడి చేయాలనే అలవాటుకు శాస్త్రం ఆలస్యంగా ఇచ్చిన సంజాయిషీ ఇది.

పెరుగుపచ్చడి తేలికైన వంట అని అందరూ అంటారు, చెడగొట్టడం కూడా అంతే తేలిక. కీరదోస తురిమి, ఉప్పు వేసి, పెరుగులో కలిపి పక్కన పెడితే అరగంటలో గిన్నె నిండా నీళ్లు తేలతాయి. ఉప్పు తగలగానే కీర నీరు వదిలేస్తుంది మరి. ముందే ఉప్పు రాసి ఓ పది నిమిషాలు ఉంచి, గట్టిగా పిండి కలపాలి. లేదా ఉప్పు వడ్డించే ముందు వేయాలి. పోపు సలసలా కాగుతుండగానే పోస్తే పెరుగు విరిగినట్టవుతుంది, కాస్త ఆరనివ్వాలి. పొట్లకాయ, సొరకాయ, అరటిదూట పెరుగుపచ్చడికి మరీ బాగుంటాయి. బెండకాయను మాత్రం కరకరలాడేలా వేయించి, తినే ముందు కలిపితేనే దాని జిగురు బయటపడదు.

హైదరాబాదీ బిర్యానీ పక్కన పెరుగు చట్నీతో పాటు వచ్చే మిర్చీ కా సాలన్‌ను చాలామంది కారం మీద కారం అనుకుంటారు. అందులో వేసేవి పొడవాటి, లావుపాటి, ఘాటు తక్కువైన మిరపకాయలు. వాటిని నువ్వులు, పల్లీలు, కొబ్బరి నూరిన ముద్దలో చింతపండు పులుసు పోసి ఉడికిస్తారు. బిర్యానీలో లేని తడీ పులుపూ ఈ సాలన్ నుంచే అందుతాయి.

అపోహ: చేపల కూర తిన్నాక పెరుగు తింటే బొల్లి వస్తుంది

ఎక్కువ ఇళ్లలో వినిపించే భయం ఇదే. చర్మానికి రంగునిచ్చే కణాలు నశించినప్పుడు బొల్లి మచ్చలు వస్తాయి. రోగనిరోధక వ్యవస్థే ఆ కణాల మీద దాడి చేయడం దీనికి ముఖ్య కారణమని వైద్యశాస్త్రం చెబుతుంది. చేప, పెరుగు కలిసి ఈ పని చేస్తాయనడానికి ఆధారం లేదు. చరక సంహిత చేపలను పాలతో తినడాన్ని విరుద్ధాహారాల్లో చేర్చిన మాట నిజం. ఈ భయం వెనుక ఆ సంప్రదాయం ఉండవచ్చు. అయితే బెంగాల్‌లో దోయి మాఛ్, ఒడిశాలో దహి మాఛ అని చేప ముక్కలను పెరుగులోనే వండుతారు. శ్రీకాకుళం దాటి సరిహద్దు అవతలికి వెళితే ఈ నిషేధానికి విలువ లేదన్నమాట.

జాగ్రత్త పడాల్సింది వేరే చోట. సరిగా నిల్వ చేయని కొన్ని రకాల చేపల్లో హిస్టమిన్ పెరిగి, తిన్న కాసేపటికే ఒళ్లు ఎర్రబడి దద్దుర్లు రావచ్చు. చెడిన చేప తప్పు పెరుగు మీదికి పోతుంటుంది. చేప గానీ పాలు గానీ పడని అలర్జీ ఉన్నవాళ్లు మాత్రం వాటికి దూరంగా ఉండాల్సిందే.

రాత్రిపూట పెరుగు కూడదన్న మాటా ఆయుర్వేదం నుంచి వచ్చిందే. తెలుగు ఇళ్లలో రాత్రి భోజనం మజ్జిగన్నంతో ముగియడం ఎప్పటి నుంచో ఉంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు విందులో పెరుగు మానేయాల్సిన అవసరం లేదు.

అపోహ: అప్పడాలు భోజనానికి ముందు పెట్టాలి

బ్రిటన్‌లోని భారతీయ హోటళ్లలో కూర్చోగానే అప్పడాలు, పక్కన తీపి మామిడి చట్నీ, ఉల్లిపాయ ముక్కలు తెచ్చి పెడతారు. అది అక్కడి పద్ధతి, అక్కడ బాగానే ఉంటుంది. ఇక్కడ అప్పడం పప్పుచారుకు, సాంబారుకు, మజ్జిగపులుసుకు జత. మెత్తటి అన్నంలో కరకర దాని వంతు. ముందే తినేస్తే ఆ వంతు ఖాళీ.

అప్పడాలకూ వడియాలకూ ఒకే సెగ అనుకోవడం ఇంకో పొరపాటు. పల్చటి మినప అప్పడానికి నూనె బాగా కాగాలి. చిన్న ముక్క వేస్తే వెంటనే పొంగి పైకి రావాలి, లేకపోతే నూనె పీల్చుకుంటుంది. గుమ్మడి వడియం దళసరి. బూడిదగుమ్మడి ముక్కలు, మినప్పిండి కలిసిన ఆ ఉండను అంత వేడి నూనెలో వేస్తే పైన మాడి లోపల గట్టిగా మిగులుతుంది. దానికి మధ్యస్థపు మంటే సరి. దేన్ని వేయించినా వడ్డనకు కాస్త ముందే వేయించాలి, వానాకాలంలో అయితే మరీను.

అపోహ: ఊరగాయ దేనికైనా సరిపోతుంది

ఆవకాయ ముద్దపప్పుతో అంత బాగా కలవడానికి కారణం పప్పులో కారం గానీ పులుపు గానీ లేకపోవడం. పైన నెయ్యి పడితే ఆవఘాటు కూడా మెత్తబడుతుంది. గుత్తివంకాయ కూర పక్కన అదే ఆవకాయ పెడితే కూరలోని నువ్వులు, ధనియాల రుచి నోటికి తెలియదు. మంచి కూర వండుకున్న రోజు ఊరగాయ జాడీ మజ్జిగన్నం వరకు ఆగడమే మేలు.

ఉప్పు సంగతి కూడా ఉంది. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఊరగాయ, అప్పడం, ఊరమిరపకాయ – మూడూ ఉప్పుతోనే నిలవ ఉండేవి. మూడూ ఒకే కంచంలో చేరితే రక్తపోటు ఉన్నవాళ్లకు ఇబ్బంది.

పచ్చి ఉల్లిపాయ ముక్కలు కూరలోని క్రిములను చంపుతాయని కొందరు నమ్ముతారు. ఆ పని సరిగా ఉడికించడం వల్ల జరగాలి. ఉల్లి చేసేది రుచికి సాయం: గోంగూర పచ్చడి పులుపుకూ ఉల్లి తీపికీ బాగా కుదురుతుంది. ఘాటు ఎక్కువనిపిస్తే ముక్కలను కాసేపు చల్లటి నీళ్లలో వేసి వార్చేస్తే సరి. పక్కన పెట్టే నిమ్మచెక్కను మాత్రం అలంకారంగా చూడకూడదు. నిమ్మలోని సి విటమిన్ పప్పులు, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి తోడ్పడుతుంది.

అపోహ: ఎన్ని రకాలుంటే అంత మర్యాద

పది గిన్నెలు పెట్టి అన్నిట్లోనూ అదే ఉల్లి–టమాటా–గరం మసాలా ముద్ద వాడితే తినేవాళ్లకు ఒకే కూర పదిసార్లు వడ్డించినట్టే. ఒక తడి కూర, ఒక వేపుడు, చలవకు ఒక పెరుగుపచ్చడి, కరకరకు వడియాలు ఉంటే ఆరుగురికి మంచి విందే. కూర పుల్లగా ఉంటే పక్కనవి పుల్లగా ఉండకుండా, కొబ్బరితో చేసిన కూర అయితే పచ్చడి కొబ్బరిది కాకుండా చూసుకుంటే చాలు.

అపోహ: అన్నం భోజనంలో గోధుమ ఉండదు

గోధుమలోని గ్లూటెన్ పడని అతిథి వస్తే రొట్టెలు తీసేసి అన్నం, సాంబారు, పచ్చడి పెడితే చాలనుకుంటారు. బజారులో దొరికే చాలా ఇంగువ డబ్బాల్లో ఇంగువతో పాటు గోధుమపిండి కలిపి ఉంటుంది. సాంబారులో, పచ్చడి పోపులో, చివరికి అప్పడంలో కూడా ఆ ఇంగువ పడవచ్చు. డబ్బా మీది వివరాలు చదవాలి, అనుమానం ఉంటే ఇంగువ మానేసి వెల్లుల్లి పోపు పెట్టాలి. పల్లీలు పడనివాళ్లకు సాలన్, గుత్తివంకాయ, పల్లీ పచ్చడి ముందే చూపించి చెప్పాలి, ఎందుకంటే నూరిన ముద్దలో పల్లీ కంటికి కనబడదు.