నడుముకు అడ్డంగా తోలు ఒర: అపోహలు – వాస్తవాలు

అడవిలో తక్కువ సామానుతో, చేతి పనితో నెగ్గుకురావడమే బుష్‌క్రాఫ్ట్. ఎండు కొమ్మను సన్నగా చీల్చి మంట రాజేయడం, గుడారానికి మేకులు చెక్కడం, గరిటె మలచడం లాంటి పనులు. అందుకు వాడే కత్తి పెద్దదేమీ కాదు. స్వీడన్‌లోని మోరా కత్తుల్లో బాగా అమ్ముడయ్యే కంపానియన్ అలుగు 10.4 సెంటీమీటర్లు. బ్రిటన్‌లో బుష్‌క్రాఫ్ట్ గురువు రే మియర్స్ రూపకల్పనతో పేరుకెక్కిన వుడ్‌లోర్ కత్తి అలుగు సుమారు 11. ఇంత కత్తిని తొడ పక్కన నిలువుగా వేలాడదీయవచ్చు, బెల్టు వెంబడే అడ్డంగా పడుకోబెట్టనూ వచ్చు. ఈ రెండో తరహా ఒర గురించి బయట చెప్పుకునే మాటల్లో సగం తప్పులే. వాటిలో కొన్నింటిని నమ్మితే వేళ్లు తెగుతాయి కాబట్టి ఇంత వివరంగా రాయాల్సి వస్తోంది.

అపోహ: అడ్డంగా పెడితే కత్తి జారి పడిపోతుంది

ఈ భయానికి ఆధారం లేకపోలేదు. నిలువు ఒరలో కత్తి బరువే దాన్ని లోపలికి లాగి ఉంచుతుంది. అడ్డ ఒరలో ఆ సాయం ఉండదు. పట్టు అంతా తోలుదే. అందుకే మంచి పనివాడు తోలును గోరువెచ్చని నీటిలో తడిపి, పల్చని ప్లాస్టిక్ చుట్టిన కత్తిని లోపల పెట్టి, పిడి మొదలు దగ్గర వేళ్లతో గట్టిగా అదిమి ఆ ఆకారం తోలుకు పట్టేలా చేస్తాడు. ఆరిన తర్వాత తోలు బిరుసెక్కి పిడిని కావలించుకున్నట్టు పట్టుకుంటుంది. కత్తిని ఆపేది ఈ బిగువే. పైన ఉండే టిచ్ బటన్ పట్టీ రెండో కాపలా మాత్రమే.

కొనేముందు పరీక్ష తేలిక. కత్తిని ఒరలో పూర్తిగా దించి, బటన్ పెట్టకుండా, పరుపు మీద ఒరను తలకిందులుగా పట్టుకుని మెల్లగా ఊపండి. కత్తి కదలకూడదు. బటన్ పెడితేనే నిలిచే కత్తికి అడ్డ ఒర పనికిరాదు. పొదల్లో దూరుతున్నప్పుడు కొమ్మ తగిలి బటన్ ఊడటం మామూలే. ఒర వెనక బెల్టు దూరే చోట్లు ఎన్ని ఉన్నాయో కూడా చూడండి. ఒక్కటే ఉంటే ఒర గిరగిరా తిరిగి మొన కిందికో పైకో వాలుతుంది. ఎడంగా రెండు ఉండాలి, మీ బెల్టు వెడల్పుకు సరిపోవాలి.

అపోహ: ఇది కమాండోల పద్ధతి, నడుము వెనకే పెట్టుకోవాలి

ఇది సినిమాలు, వీడియోలు అంటించిన నమ్మకం. నిజానికి ఈ అమరిక కమాండోలకంటే చాలా పాతది. ఇంగ్లండ్‌లో ఉత్తర యార్క్‌షైర్‌లోని మిడిల్టన్ చర్చిలో 10వ శతాబ్దపు రాతి శిలువ ఒకటుంది. దాని మీద చెక్కిన యోధుడి నడుముకు సీక్స్ అనే కత్తి అడ్డంగా కనిపిస్తుంది. నేపాల్‌లో ఖుక్రీని పటుకా అనే నడికట్టులో దోపుకుంటారు. అర్జెంటీనాలో పశువులు కాసే గౌచోలు ఫకోన్ అనే పొడవాటి కత్తిని వీపు వైపు బెల్టులో ఏటవాలుగా దోపుకునేవారు. వాళ్లు రోజంతా గుర్రం మీద కూర్చునేవాళ్లు. తొడ మీద కత్తి అడ్డుపడకూడదు. మన పల్లెల్లో చిన్న కత్తిని మొలలో దోపుకున్న పెద్దల అవసరమూ అలాంటిదే: వంగాలి, కూర్చోవాలి, చెట్టెక్కాలి, చేతులు ఖాళీగా ఉండాలి.

అయితే గౌచో చేశాడని మనమూ వెనక పెట్టుకుంటే ప్రమాదం. తడి రాళ్ల మీద కాలు జారితే మనిషి వెల్లకిలా పడతాడు. అప్పుడు వెన్నుపూసకూ నేలకూ మధ్య గట్టి పిడి ఉంటుంది. కారులో కూర్చున్నా, చెట్టుకు ఆనుకున్నా అదే గుచ్చుకుంటుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి, వెనక పెట్టుకున్న ఒరలోకి కత్తిని చూసి దించలేం. కుడిచేతి వాటం వాళ్లకు అనువైన చోటు ముందువైపు, బకిల్‌కు ఎడమ పక్కన. పిడి కుడివైపుకు తిరిగి ఉండాలి. అక్కడైతే తల వంచితే ఒర నోరు కనిపిస్తుంది. ఎడమచేతి వాటం వాళ్లకు దీనికి అద్దంలో ప్రతిబింబంలా కుట్టిన వేరే ఒర కావాలి. 'ఏ చేతికైనా ఒకటే' అని అమ్మేవాళ్ల మాట నమ్మవద్దు.

అపోహ: తోలు మందంగా ఉంటే చాలు, చేతికి భద్రమే

మందం అవసరమే. మూడు నుంచి మూడున్నర మిల్లీమీటర్ల తోలు ఈ సైజు కత్తికి సరిపోతుంది. కానీ చేతిని కాపాడేది మందం ఒక్కటే కాదు, రెండు పొరల మధ్య కుట్టు అంచున పెట్టే మూడో తోలు బద్దీ. కత్తి లోపలికి జారేటప్పుడు పదునైన అంచు ఆ బద్దీని రాసుకుంటూ పోతుంది. బద్దీ లేకపోతే అంచు నేరుగా దారాన్ని తాకుతుంది. ప్రతిసారీ ఒక పోగు తెగుతుంది. పైకి ఏమీ కనిపించదు. ఒకరోజు కుట్టు విడిపోయి అలుగు పక్కనుంచి బయటికొస్తుంది.

ఒరను అంచు వైపునుంచి చూడండి. సాండ్‌విచ్‌లా మూడు పొరలు కనిపించాలి. తర్వాత కుట్టు చూడండి. ఆరెతో రంధ్రాలు చేసి, ఒకే దారానికి రెండు కొసలా సూదులు ఎక్కించి ఎదురెదురుగా లాగి కుట్టిన కుట్టు అయితే ఒకచోట తెగినా మిగతాది నిలుస్తుంది. మిషన్ కుట్టు ఒకచోట తెగితే ఆ చుట్టుపక్కల వదులవుతుంది. మన ఊరి చెప్పులు కుట్టే పనివాడికి ఈ రెండు సూదుల కుట్టు కొత్తేమీ కాదు. అరిగిన ఒరను పారేయకుండా ఆయన దగ్గరికి తీసుకెళ్లండి.

ఇక ఎంత మంచి ఒరైనా కాపాడలేని తప్పు ఒకటుంది. కత్తిని తీసేటప్పుడో పెట్టేటప్పుడో ఎడమచేత్తో ఒరను పిడికిట్లో బిగించి పట్టుకుంటారు. నాలుగు వేళ్లూ సరిగ్గా పదును ఉన్న కుట్టు మీదే పడతాయి. కుట్టు బలహీనమైతే అలుగు తోలును చీల్చి వేళ్లలోకి దిగుతుంది. చేయాల్సింది ఇలా: ఎడమచేతి బొటనవేలినీ చూపుడువేలినీ ఒర వెన్ను వైపు మాత్రమే ఆనించండి. కత్తి వెన్నును ఒర నోటి పైఅంచుకు తాకించి, మొన లోపలికి వెళ్లిందని కళ్లతో చూసుకుని, అప్పుడు నెమ్మదిగా తోయండి. ఎక్కడైనా అడ్డు తగిలితే బలం పెట్టకండి, వెనక్కి లాగి మళ్లీ మొదలుపెట్టండి. పక్కన మనిషి ఉంటే ముందు దూరం జరగమనండి. అడ్డ ఒరలోంచి కత్తి పొట్ట ముందునుంచి పక్కకు వస్తుంది, ఆ దారిలో ఎవరి చెయ్యీ ఉండకూడదు.

అపోహ: క్రోమ్ తోలు మాత్రమే తుప్పు పట్టిస్తుంది, చెట్టు బెరడు తోలులో కత్తిని ఏళ్లపాటు ఉంచవచ్చు

ఇందులో సగం నిజం ఉంది కాబట్టే ఇంతకాలం బతికింది. క్రోమ్ లవణాలతో శుద్ధి చేసిన తోలు ఒరకు తగదు. అసలు కారణం అది మెత్తగా సాగుతుంది, తడిపి అదిమినా ఆకారం నిలుపుకోదు. బెరడు టానిన్‌తో శుద్ధి చేసిన తోలు బిరుసుగా ఉంటుంది, అచ్చు పట్టినట్టు నిలుస్తుంది. ఈ పని మన నేలకు బాగా తెలిసిందే. తంగేడు చెక్క, కరక్కాయ వేసిన లందల్లో తోళ్లు ఊనడం తెలుగు పల్లెల్లో తరతరాలుగా సాగిన వృత్తి. మద్రాసు రేవు నుంచి విదేశాలకు వెళ్లిన 'ఈస్ట్ ఇండియా' తోళ్లకు ఆ తంగేడు చెక్కే ప్రాణం. చెన్నై అడయార్‌లోని కేంద్ర తోలు పరిశోధనా సంస్థ 1948 నుంచి పనిచేస్తోంది. ఒర చేయించుకోవాలంటే తోలుకోసం స్వీడన్ దాకా చూడక్కర్లేదు.

కానీ టానిన్ కూడా ఆమ్ల స్వభావం ఉన్నదే, తోలు గాలిలోని తేమనూ పీలుస్తుంది. కార్బన్ స్టీల్ కత్తిని వర్షాకాలం అంతా అందులో వదిలేస్తే నల్లని మచ్చలు, ఆపైన తుప్పు వస్తాయి, శుద్ధి ఏదైనా సరే. ఒర మోయడానికి, దాచడానికి కాదు. ఇంటికి రాగానే కత్తి తుడిచి, పల్చగా నూనె రాసి, ఒరకు బయట పెట్టండి. ఇత్తడి రివెట్ల చుట్టూ పచ్చగా చేరే చిలుము కూడా తోలులోని కొవ్వు, లోహం కలిసి పుట్టేదే. గుడ్డతో తుడిస్తే పోతుంది, భయపడాల్సింది లేదు.

ప్లాస్టిక్ జాతికి చెందిన కైడెక్స్ ఒరలు తేమ పీల్చవు, అది నిజం. వాటిలో ఇసుక రేణువు చిక్కితే మాత్రం అలుగు మీద గీతలు పడతాయి. ఎంపిక మీ వాతావరణాన్ని బట్టి. కోస్తా తీరం తేమలో ఉండేవాళ్లు, పడవ మీద పనిచేసేవాళ్లు కైడెక్స్ వైపు మొగ్గితే నేను వద్దనను.

అపోహ: నూనె ఎంత పట్టిస్తే తోలు అంత మన్నుతుంది, తడిస్తే ఎండలోనో మంట దగ్గరో ఆరబెట్టాలి

చెప్పులకు నూనె పెట్టి మెత్తబరచిన అలవాటు ఇక్కడ ఎదురుతిరుగుతుంది. ఒరకు కావలసింది బిరుసుదనం. నూనె ఎక్కువైతే తోలు మెత్తబడి, పిడిని పట్టుకున్న అచ్చు వదులవుతుంది. అప్పుడు మొదట చెప్పిన జారిపోయే భయం నిజమవుతుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు తేనెమైనం కలిసిన పూత పల్చగా రాస్తే చాలు.

వేడి ఇంకా చేటు. బెరడుతో ఊనిన తోలు తడిగా ఉన్నప్పుడు సుమారు 70–85 డిగ్రీల సెల్సియస్ మధ్య ఒక్కసారిగా ముడుచుకుపోతుంది. మంట పక్కన రాయి మీద పెట్టిన ఒరకు ఆ వేడి తగలడానికి ఎక్కువసేపు పట్టదు. ముడుచుకున్న ఒర మళ్లీ తెరుచుకోదు, పెళుసెక్కి పగులుతుంది. కత్తి తీసేసి, నీడలో, గాలి తగిలేచోట నిదానంగా ఆరనివ్వండి.

అపోహ: అడ్డ ఒరే అందరికీ, అన్ని కత్తులకూ మేలు

కాదు. మొత్తం పొడవు 22, 23 సెంటీమీటర్లు దాటిన కత్తి అడ్డంగా పెడితే ఒక కొస పక్కటెముకలకో తుంటికో తగులుతుంది. పెద్ద బ్యాగు నడుము పట్టీ బిగించి నడిచేవాళ్లకు బెల్టు మీద చోటే ఉండదు. ఫిన్లండ్‌లో పుక్కో కత్తి ఒర బెల్టుకు వదులుగా వేలాడుతుంది, కూర్చుంటే దానంతటదే పక్కకు తప్పుకుంటుంది. కెనడా అడవి విద్యల గురువు మోర్స్ కొచాన్‌స్కీ కత్తిని మెడలో వేసుకునే పద్ధతినే ఇష్టపడేవారు. అక్కడి చలికి వేసుకునే మందపాటి కోటు బెల్టును కప్పేస్తుంది. గంటల తరబడి కూర్చుని చెక్కేవాళ్లకు, పడవ నడిపేవాళ్లకు, వాహనంలో ఎక్కి దిగేవాళ్లకు అడ్డ ఒర నిజంగా హాయి. మిగతావాళ్లకు అది ఒక వీలు, అంతే.

అపోహ: చిన్న కత్తి, ఒరలో ఉంది, ఎక్కడికైనా తీసుకెళ్లవచ్చు

మన ఆయుధ నిబంధనలు 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న అలుగులను ప్రస్తావిస్తాయి. ఇంటి పనికీ సేద్యానికీ చేసినవాటిని మినహాయిస్తాయి. దీన్ని విని చాలామంది చిన్న కత్తికి అడ్డే లేదనుకుంటారు. బ్రిటన్‌లో ఉండే మనవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి. అక్కడి 1988 నాటి చట్టం ప్రకారం, మడతపడని కత్తి ఎంత చిన్నదైనా సరైన కారణం లేకుండా బహిరంగ స్థలంలో దగ్గర ఉంచుకుంటే నేరం.

మన దేశంలో ట్రెక్కర్లు మరిచే చట్టం వేరే ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 'ఆయుధం' నిర్వచనంలో కత్తులను పేరు పెట్టి చేర్చింది. అదే చట్టం 31వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్లకూడదు. జాతీయ పార్కులకూ ఇదే వర్తిస్తుంది. అంటే నల్లమల పులుల అభయారణ్యంలోకో పాపికొండల పార్కులోకో నడకకు వెళ్లేటప్పుడు ఒర ఎంత అందంగా కుట్టించుకున్నా, కత్తి ఎంత చిన్నదైనా, దాన్ని ఇంట్లో వదిలి వెళ్లండి. చెక్కడం నేర్చుకోవాలనుకుంటే మీ పొలం గట్టు మీద, మీ తోటలో నేర్చుకోండి.