అడవిలో చెట్లున్నాయి.. మొక్కలేవీ?

వాడుకుంటూనే కాపాడుకుంటేనే రేపటి తరానికి అడవి

ఉట్నూరు: మార్చి నెల వచ్చిందంటే ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా ఏజెన్సీలో ఇప్పపువ్వు రాలే కాలం. తెల్లవారకముందే ఆదివాసీ మహిళలు, పిల్లలు గంపలు పట్టుకొని చెట్ల కిందికి చేరుకుంటారు. ఎండుటాకుల మధ్య పడిన పువ్వు కంటికి కనిపించదు. అందుకని కొందరు ముందుగానే చెట్టు కింది ఆకులకు నిప్పు పెడతారు. నేల శుభ్రపడుతుంది, ఏరుకోవడం తేలికవుతుంది. ఆ నిప్పు అక్కడితో ఆగితే ఇబ్బంది లేదు. కానీ టేకు ఆకు రాలి నేలంతా పరచుకున్న ఆ రోజుల్లో కాస్త గాలి వీస్తే చాలు, మంట గుట్టెక్కుతుంది.

మంటలు చల్లారాక చూస్తే పెద్ద చెట్లు నిలిచే ఉంటాయి. తొలకరి పడగానే మళ్లీ చిగురిస్తాయి. దాంతో నష్టమేమీ జరగలేదనే భావన కలుగుతుంది. అసలు నష్టం మోకాలెత్తులో జరుగుతుంది. విత్తనం నుంచి మొలిచిన ఏడాది, రెండేళ్ల మొక్కలు మాడిపోతాయి. ఏటా ఇదే జరిగితే ఆ అడవిలో ముసలి చెట్లు తప్ప వాటి స్థానాన్ని భర్తీ చేసే పిల్ల చెట్లుండవు. దూరం నుంచి పచ్చగా కనిపించే అడవికి వారసులు లేకుండా పోతారు.

నిప్పుకు ఇప్పపువ్వు ఒక్కటే కారణం కాదు. కొత్త గడ్డి మొలుస్తుందని పశువుల కాపరులు, లేత చిగుళ్లు వస్తాయని తునికాకు సేకరించేవారు నిప్పు పెట్టడం, బాటసారులు ఆర్పకుండా పారేసే బీడీ ముక్కలు కూడా కారణాలే. వీరిలో అడవిని నాశనం చేయాలనుకునేవారు దాదాపుగా ఉండరు. బతుకుతెరువు కోసం చేసే పనే బతుకుతెరువును కాలుస్తోంది.

మూడు ప్రయోజనాలు

అడవి మనిషికి మూడు విధాలుగా ఉపకరిస్తుంది. మొదటిది ఉత్పత్తి. కలప, వెదురు, తునికాకు, ఇప్పపువ్వు, తేనె, జిగురు వంటివి ఈ కోవకు వస్తాయి. రెండోది రక్షణ. నేల కోతను ఆపడం, వాననీటిని ఇంకించడం, వన్యప్రాణులకు నీడనివ్వడం. మూడోది సామాజికం. అడవిని ఆనుకొని ఉన్న గూడేలకు వంటచెరకు, మేత, పని, దేవుడి గుడి, సంస్కృతి అన్నీ అక్కడే. ఈ మూడింటిలో ఏ ఒక్కదాని కోసమో మిగిలిన రెండింటినీ విస్మరిస్తే అడవి నిలవదు. మూడింటినీ సమన్వయం చేస్తూ, అడవి ఏటా పెంచి ఇచ్చే మేరకే తీసుకోవడాన్నే సుస్థిర యాజమాన్యం అంటారు. సులువుగా చెప్పాలంటే అసలు ముట్టకుండా వడ్డీతో బతకడం.

కోతకూ ఓ పద్ధతి

తునికాకు కోసం నిప్పు పెట్టనక్కర్లేదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో తునికి పొదలను నేలమట్టానికి నరికితే దాదాపు నెలన్నరలో మెత్తని కొత్త ఆకు వస్తుంది. దీన్నే కొమ్మకొట్టడం అంటారు. ఏప్రిల్, మే నెలల్లో ఆకు కోసి 50 ఆకుల చొప్పున కట్టలు కట్టి కల్లంలో ఇస్తారు. కొమ్మకొట్టిన పొద ఆకే మేలైనది. నిప్పుతో వచ్చే చిగురుకు అడవి మూల్యం చెల్లిస్తుంది.

వెదురుదీ అదే తీరు. ఒక పొదలో ఈ ఏడాది పుట్టిన లేత బొంగులను ముట్టకూడదు. ముదురు బొంగుల్లోనూ కొన్నింటిని ఆసరాగా వదలాలి. పూర్తిగా నరికేస్తే కొత్త కొమ్ములు సన్నబడి పొద క్షీణిస్తుంది. కొమ్ములు వచ్చే వానాకాలంలో కోత పూర్తిగా ఆపాలి.

అడవి తరిగితే ఊరి చేతివృత్తి ఎలా కుంటుపడుతుందో నిర్మల్ కొయ్యబొమ్మలే చెబుతాయి. ఈ బొమ్మలకు తేలికగా, మెత్తగా ఉండే పొనికి కర్రే ఆధారం. రంగులు దొరుకుతున్నాయి, కళ ఉంది, కొనేవారున్నారు. కానీ నరికినంత వేగంగా చెట్టు పెరగకపోవడంతో కర్ర కొరత కళాకారులను ఏళ్లుగా వేధిస్తోంది.

కలప విషయంలో చట్టం స్పష్టంగానే ఉంది. ప్రతి అటవీ డివిజన్‌కు వర్కింగ్ ప్లాన్ ఉంటుంది. ఎక్కడ, ఎంత, ఎప్పుడు కోయాలో, ఎక్కడ తిరిగి పెంచాలో అందులో రాసి ఉంటుంది. ఆమోదం పొందిన ఈ ప్రణాళిక లేకుండా అడవుల్లో చెట్లు నరకరాదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న ఆదేశించింది.

ఊరి చెరువుకూ అడవే ఆధారం

కవ్వాల్ అడవులు 1965లో అభయారణ్యంగా, 2012లో పులుల రిజర్వుగా గుర్తింపు పొందాయి. పులి పేరు చెప్పగానే ఇది తమకు సంబంధం లేని వ్యవహారమని మైదాన ప్రాంత రైతులు అనుకుంటారు. కానీ కడెం ఆయకట్టు రైతు పొలానికి పారే నీరు ఈ గుట్టల మీద పడిన వానే. గుట్ట మీద ఆకు దుప్పటి ఉంటే వాన నేలలోకి దిగి వాగుల్లో నెలల తరబడి ఊరుతుంది. ఆకు కాలి నేల బోడి అయితే అదే వాన మట్టిని కోసుకుంటూ ఒక్కసారిగా కిందికి దూకుతుంది. కొట్టుకొచ్చిన మట్టి చెరువుల్లో, జలాశయాల్లో పూడికగా మిగులుతుంది.

1988 నాటి జాతీయ అటవీ విధానం ఈ రక్షణ ప్రయోజనానికే పెద్దపీట వేసింది. దేశ భూభాగంలో మూడో వంతు, కొండ ప్రాంతాల్లో మూడింట రెండు వంతులు అడవి, చెట్లు ఉండాలని నిర్దేశించింది. 2023 అటవీ స్థితి నివేదిక ప్రకారం దేశంలో అడవులు, చెట్లు కలిపి 25.17 శాతమే.

సమితులు వచ్చాయి.. సడలాయి

అడవిని కాపాడటం అటవీ సిబ్బంది ఒక్కరివల్ల అయ్యే పని కాదని ప్రభుత్వాలు గుర్తించాయి. 1990 జూన్‌లో కేంద్రం ఉమ్మడి అటవీ యాజమాన్యానికి మార్గదర్శకాలిచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992లో వన సంరక్షణ సమితులకు ఉత్తర్వులు వెలువడ్డాయి. ప్రతి కుటుంబం నుంచి ఒక పురుషుడు, ఒక స్త్రీ సభ్యులు. 2002లో ప్రపంచ బ్యాంకు రుణంతో సామాజిక అటవీ యాజమాన్య పథకం మొదలైంది. క్షీణించిన అడవిని తిరిగి పెంచితే దాని ఫలసాయం సమితికే దక్కుతుందన్నారు. రాష్ట్రవ్యాప్తంగా వేల సంఖ్యలో సమితులు ఏర్పడ్డాయి. కందకాలు తవ్వారు, చెక్‌డ్యాంలు కట్టారు, వంతులవారీగా కాపలా కాశారు. నరికిన మోడుల నుంచి పిలకలు లేచి అడవి దట్టమైన ఊళ్లూ ఉన్నాయి.

పథకం ముగిసి నిధులు ఆగిపోయాక చాలాచోట్ల సమితులు కాగితాలకే పరిమితమయ్యాయి. కూలి ఉన్నంత కాలమే కాపలా అన్నట్లు మారింది. పెంచిన వెదురు, కలప అమ్మిన డబ్బు చేతికి రావడానికి దీర్ఘకాలం పడుతుంది. అప్పటివరకు ఊరికి అడవి మీద నమ్మకం నిలిపే ఏర్పాటు లేకపోవడమే లోపం.

హక్కుంటేనే బాధ్యత

ఆ ఏర్పాటుకు 2006 అటవీ హక్కుల చట్టం దారి చూపింది. పోడు భూమికి వ్యక్తిగత పట్టా ఇవ్వడంతోనే ఈ చట్టం ఆగలేదు. తరతరాలుగా వాడుకుంటున్న సామూహిక అటవీ వనరులను రక్షించే, పునరుద్ధరించే, నిర్వహించే హక్కును గ్రామసభకు కల్పించింది. తెలంగాణలో 2023 జూన్ 30న పోడు పట్టాల పంపిణీ ఆసిఫాబాద్‌లో మొదలైనప్పుడు అందరి దృష్టీ వ్యక్తిగత పట్టాలపైనే నిలిచింది. సామూహిక హక్కు మీద ఆ స్థాయిలో చర్చ జరగలేదు.

ఊరిని కలుపుకోకుండా తీసుకునే నిర్ణయం ఎంత మంచిదైనా నిలవదనడానికి ఇటీవలి అనుభవమే నిదర్శనం. మహారాష్ట్రలోని తాడోబా నుంచి కవ్వాల్‌కు పులులు వచ్చే దారిని కాపాడేందుకు 2025 మే నెలలో కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వును ప్రకటించారు. ఉపాధి, హక్కులు పోతాయని ఆదివాసీలు ఆందోళనకు దిగడంతో అదే ఏడాది జులైలో ఆ ఉత్తర్వులను నిలిపివేశారు. పులికి దారి కావాలి, గూడేనికి బతుకు కావాలి. ఈ రెండింటినీ ఒకేచోట కూర్చొని మాట్లాడే వేదిక గ్రామసభే.

ఈ వేసవికి ఇలా చేస్తే మేలు

* ఇప్పచెట్టు కింద నిప్పు బదులు చీపురుతో ఊడ్చుకోవాలి. పాత చీరలు, వలలు పరిస్తే పువ్వుకు మట్టి అంటదు, ధరా పలుకుతుంది.
* తప్పనిసరై ఆకు కాల్చాల్సి వస్తే కుప్పగా చేసి, చుట్టూ నేల చెక్కి, చల్లారేవరకు పక్కనే ఉండాలి.
* తునికికి కొమ్మకొట్టడమే చేయాలి. కల్లేదారులు కాల్చిన చోటి ఆకు తీసుకోబోమని ముందే చెప్పాలి.
* ఇప్ప గింజలన్నీ నూనెకే ఏరేయకుండా కొన్నింటిని చెట్టు కింద వదలాలి. ఈ గింజకు మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది కనుక తాజాగా ఉన్నప్పుడే నాటుకోవాలి.
* ఊరి సరిహద్దు అడవిలో జనవరి, ఫిబ్రవరిలోనే అగ్నిరేఖలు శుభ్రం చేసుకోవాలి.

కొత్త పంటైనా, అడవి ఫలమైనా దేవుడికి నైవేద్యం పెట్టేదాకా ముట్టని ఆచారం గోండు గూడేల్లో ఉంది. కాయ పండేదాకా, గింజ ముదిరేదాకా ఆగమని పెద్దలు పెట్టిన కట్టుబాటు అది. ఉట్నూరులో ఇప్పపువ్వు లడ్డూలు తయారుచేసి ఆదివాసీ మహిళలు ఉపాధి పొందుతున్నారు. వారి మనుమరాళ్లు కూడా ఆ పువ్వే ఏరాలంటే ఈ ఏడాది మొలిచిన ఇప్ప మొక్క వచ్చే వేసవి దాటాలి. అడవి బాగుందో లేదో తెలుసుకోవాలనుకునేవారు తలెత్తి చెట్లను చూస్తే చాలదు. ఒకసారి వంగి నేలను చూడాలి.