రంగుల గుడ్డపేలికల కోటు

అమెరికాలోని టెన్నెసీ కొండసీమలో, ఒక పేదరైతు ఇంట 1946లో డాలీ పార్టన్ జన్మించింది. పన్నెండుమంది సంతానంలో ఆమె నాల్గవది. చలికి కోటు కొనలేని తల్లి రంగురంగుల గుడ్డపేలికలు కూర్చి, యోసేపు అంగీని గురించిన బైబిలు కథ చెప్పుతూ, కుమార్తెకు కోటు కుట్టింది. బాలిక మురిసిపోతూ బడికి వెళ్ళింది. తోటిపిల్లలు గేలిచేశారు. ఆ అవమానం మనస్సున చిరకాలం నిలిచిపోయింది.

గాయనియైన పిదప, ఒకనాడు బస్సు ప్రయాణంలో, లాండ్రీ రసీదు వెనుక ఆ అనుభవాన్నే పాటగా వ్రాసుకొన్నది. 'కోట్ ఆఫ్ మెనీ కలర్స్' అనే ఆ పాట 1971లో రికార్డుగా వెలువడింది. 2011లో అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, భద్రపరచదగిన ధ్వనిముద్రణలలో దానిని చేర్చింది.

పేదరికానికి ఆమె సిగ్గుపడలేదు. తల్లి ప్రేమనే సంపదగా ఎంచింది. కాని అట్టి పాట వ్రాయగలవారు ఎందరు? అతుకుల చొక్కాను చూచి నవ్వే తరగతి ఏ ఊరిలోనైనా ఉంటుంది. తక్కిన పిల్లలు ఆ బాధను మౌనంగానే మ్రింగుతారు. ఆ నవ్వును ఆనాడే ఆపవలసినవాడు ఉపాధ్యాయుడు.