సముద్రం లేని బస్తర్‌లో సముద్ర విశేషాలు

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ పటమంతా వెతికినా తీరరేఖ కనిపించదు. కానీ బంగాళాఖాతం గురించి తెలుసుకోవాలనుకునేవాళ్లు చదువు ఈ అడవిలోనే మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం. ఎందుకో ఈ విశేషాలు చదివితే మీకే తెలుస్తుంది.

చిత్రకోట్ దగ్గర ఇంద్రావతి నది దాదాపు 30 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దూకుతుంది. ఆ నీళ్లు దూకే రాతి అంచు ఒకప్పటి సముద్రపు ఇసుకే! భూగర్భ శాస్త్రవేత్తలు 'ఇంద్రావతి సమూహం' అని పిలిచే ఈ శిలలు సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట లోతు తక్కువ సముద్రంలో పేరుకున్నవి. అడుగున ఇసుకరాయి, దాని మీద బంకమట్టి గట్టిపడి ఏర్పడిన షేల్, ఆపైన సున్నపురాయి. జగదల్‌పూర్ పరిసరాల్లోని పై పొరల్లో స్ట్రొమటొలైట్‌లు కూడా ఉన్నాయి. ఉప్పునీటి అడుగున సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టుకున్న రాతి దిబ్బలివి. అడ్డంగా కోసి చూస్తే ఉల్లిపాయలోలాగా సన్నని వంపు పొరలు కనిపిస్తాయి. భూమ్మీద చేపలు పుట్టడానికి ఎన్నో కోట్ల ఏళ్ల ముందు సంగతి ఇది.

కాంగేర్ లోయలోని కుటుంసర్ గుహ కూడా ఆ సముద్రం చలవే. అప్పుడు పేరుకున్న సున్నపురాయిని వాననీరు కరిగించి ఈ గుహను తొలిచింది. 1951లో శంకర్ తివారీ దీన్ని పరిశీలించి లోకానికి తెలియజేశారు. లోపలి మడుగుల్లో ఉండే చిన్న చేపలకు చీకటి అలవాటై చూపు మందగించింది, ఒంటి రంగు వెలిసిపోయింది.

అరకు మీదుగా విశాఖకు వచ్చే గూడ్సు బళ్లను చూసే ఉంటారు. వాటిలో వచ్చేది బైలడిల్లా ఇనుప ఖనిజం. ఇలాంటి ఖనిజానికి మూలమైన పట్టీల ఇనుపరాళ్లు 200 కోట్ల ఏళ్లకు పైబడినవి, అవీ సముద్రపు అడుగునే పుట్టాయి. అప్పటి సముద్రాల్లో ఇనుము నీటిలో కరిగి ఉండేది. సూక్ష్మజీవులు విడుదల చేసిన ఆక్సిజన్ తగిలి అది తుప్పుగా మారి, రేణువు రేణువుగా అడుగుకు దిగింది. ఆ తుప్పే కొండలయింది. ఆ కొండల ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికే 1960లలో కొత్తవలస-కిరండోల్ రైలుమార్గం వేశారు. పెద్ద ఓడలు ఆగడానికి 1976లో విశాఖ ఔటర్ హార్బర్ వచ్చింది.

ఇప్పుడు నదుల సంగతి. ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టిన ఇంద్రావతి బస్తర్‌ను అడ్డంగా దాటి, భోపాలపట్నం దిగువన భద్రకాళి దగ్గర గోదావరిలో కలుస్తుంది. కొరాపుట్ కొండల నుంచి వచ్చే శబరి సుక్మా జిల్లా అంచునే సాగి, కొంట, చింతూరు దాటి కూనవరం దగ్గర అదే గోదావరిని చేరుతుంది. ఇంద్రావతి నీళ్లు కొన్ని బస్తర్‌కు రాకముందే జోరా నాలా గుండా శబరిలోకి మళ్లిపోతాయి. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ దీని మీద ఏళ్ల తరబడి వాదించుకున్నాయి. సముద్రం మాటకొస్తే మాత్రం తేడా లేదు, ఏ దారిన వెళ్లినా ఆ నీళ్లు చివరికి గోదావరి మొగలోనే తేలతాయి. ఎగువన కట్టిన అప్పర్ ఇంద్రావతి ప్రాజెక్టు నీళ్ల దారి మాత్రం వేరు. అవి మహానది పరీవాహకంలోకి మళ్లి ఒడిశా తీరంలో సముద్రాన్ని చేరతాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన విశేషం 2006 నాటిది. 'జాయిడెస్ రిజల్యూషన్' అనే డ్రిల్లింగ్ నౌక గ్యాస్ హైడ్రేట్‌ల కోసం మన తూర్పు తీరానికి వచ్చింది. గ్యాస్ హైడ్రేట్ అంటే మీథేన్‌ను బంధించిన మంచు, నిప్పు పెడితే మండుతుంది. కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఒకచోట ఏకంగా 130 మీటర్ల దాకా మందమున్న పొర దొరికింది. వార్తల్లోకెక్కింది అదే. అదే యాత్రలో గోదావరి మొగకు ఎదురుగా, వెయ్యి మీటర్లకు మించిన లోతున, ఒక బురద స్తంభాన్ని కూడా పైకి తీశారు. చూస్తే అది ఉత్త బూడిదరంగు బురద. ప్రయోగశాలలో దాన్ని పొరలుపొరలుగా విడదీస్తే ఆకుల మీది మైనం దొరికింది! ఆకు ఎండకుండా కాపాడే ఆ పల్చని పూత ఆకు కుళ్లినా నశించదు. ఏటి వెంట కొట్టుకొచ్చి సముద్రపు అడుగున వేల ఏళ్లు నిలిచి ఉంటుంది. అందులోని కార్బన్ రకాల నిష్పత్తిని కొలిస్తే అది చెట్ల ఆకుదా, మెట్టనేల గడ్డిదా చెప్పేయొచ్చు. 2012లో వచ్చిన పరిశోధన ప్రకారం, సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి 1,700 ఏళ్ల కిందటి వరకు గోదావరి పరీవాహకంలో పొడి వాతావరణాన్ని తట్టుకునే మొక్కలు పెరుగుతూ వచ్చాయి. అదే బురద మీద 2017లో వెలువడిన మరో అధ్యయనం ఆ కాలంలోనే నేలకోత కూడా బాగా పెరిగిందని తేల్చింది. వానలు తగ్గడం, సేద్యం కోసం నేల మీది పచ్చదనం పోవడం అందుకు కారణాలు. మధ్య భారతం అడవుల చరిత్ర గోదావరి మొగకు అవతల సముద్రంలో భద్రంగా ఉందని ఊహించుకుంటేనే ఒళ్లు పులకరిస్తుంది.

నది తెచ్చే ఒండ్రు తగ్గితే ఏమవుతుందో మన తీరమే చెబుతోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన హేమమాలిని, కాకాని నాగేశ్వరరావు 2004లో ప్రచురించిన లెక్కలు చూడండి. 1970లలో గోదావరి ఏటా సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసుకొచ్చేది. 1990లకు వచ్చేసరికి అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. మిగిలిన మట్టి ఆనకట్టల వెనక ఆగిపోతోంది. 1976 నుంచి 2001 వరకు డెల్టా అంచున కలిసిన నేలను మినహాయించినా 1,836 హెక్టార్లు కడలిపాలైంది. బార్సూర్ దగ్గర ఇంద్రావతి మీద తలపెట్టిన బోధ్‌ఘాట్ ప్రాజెక్టు దశాబ్దాలుగా కాగితాల మీదే ఉంది. అలాంటి ప్రాజెక్టుల మంచిచెడులు తూచేటప్పుడు ముంపు గ్రామాలతో పాటు కోనసీమ తీరాన్నీ లెక్కలో వేసుకోవాలి. వేసుకోకపోతే ఆ లెక్క తప్పే.

ఒండ్రుతో పాటు రాళ్లలోంచి కరిగిన సిలికా కూడా వరదలో వస్తుంది. డయాటమ్‌లనే అతి సూక్ష్మమైన నాచుకు గుల్ల కట్టుకోవడానికి అదే ముడిసరుకు. సముద్రపు ఆహార గొలుసు మొదటి లంకెల్లో ఈ డయాటమ్‌లు ముఖ్యమైనవి.

వరదకాలంలో గోదావరి మొగ పూర్తిగా మంచినీరైపోతుంది. తేలికైన ఆ నీళ్లు ఉప్పునీటి మీద పరుచుకుని, వానలు వెనకబట్టాక తీరం వెంబడి దక్షిణంగా పారతాయి. అన్ని నదుల నీళ్లూ ఇలా పరుచుకోవడం వల్లే బంగాళాఖాతం పైపొర కిందిపొరతో సులువుగా కలవదు. వేడి పైనే నిలిచిపోతుంది. తుపాన్లకు బలమిచ్చేది ఆ వేడే.

పులస చేప కథ అందరికీ తెలుసు. గోదావరి రొయ్య కథ మాత్రం చాలామంది ఎరగరు. ఇది పెరిగేది మంచినీటి ఏట్లో, కానీ దీని పిల్లలు బతకాలంటే ఉప్పు కలిసిన నీరు తప్పనిసరి. పిల్లలు కాస్త ఎదిగాక మళ్లీ ఏరు ఎక్కుతాయి. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట లేచాక ఇలాంటి బాటసారులందరికీ దారి ఇరుకైంది.

మన దగ్గర సముద్ర విజ్ఞానానికి పాదు పడింది విశాఖలోని వాల్తేరులో. 1952లో అమెరికా నుంచి యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, భారత నౌకాదళం ఓడల మీద విద్యార్థులను ఎక్కించి బంగాళాఖాతాన్ని కొలిపించారు. 1963లో 'ఆంటన్ బ్రూన్' నౌక యాత్రలో మన తీరానికి ఎదురుగా సముద్రగర్భంలో లోయలను గుర్తించి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. వాటిలో ఒకటి విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం బోధించిన సి. మహదేవన్ పేరు. అధ్యాపకుడికి అంతకన్నా గొప్ప గౌరవం నాకు తోచదు.

సముద్రాన్ని చదవడానికి ఒడ్డున ఉండక్కర్లేదనడానికి హైదరాబాదే సాక్ష్యం. 1999లో అక్కడ నెలకొల్పిన ఇన్‌కాయిస్ సంస్థ చేపలు ఎక్కడ ఎక్కువగా పడతాయో ఉపగ్రహాల సాయంతో గుర్తించి మత్స్యకారులకు చెబుతుంది. 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం కూడా అక్కడే పనిచేస్తోంది. తెలుగు కూడా వినిపించే కొంట, భోపాలపట్నం బడుల్లోనూ సముద్రం పాఠం తెలుగులో, హల్బీలో, గోండీలో చెబితే ఎంత బాగుంటుంది! వానాకాలంలో గ్లాసెడు శబరి నీళ్లు తేర్చి, అడుగున మిగిలిన మట్టిని ఎండబెట్టి తూచమంటే చాలు. పాఠం మొదలైనట్టే.